చీరకు ఎనిమిది

ఆసుపత్రిలో కౌన్సెలర్ మేడం అప్పటికే పాత ఫైలు తెరిచి సగం తిప్పేసింది. మా వదిన మూడు వేళ్లు పైకెత్తి అలాగే పట్టుకుని కూర్చుంది. మూడు రోజులు మేడం, రోజుకు రెండు మాత్రలు, అంతే, అని రెండోసారి చెబుతోంది. మేడం ఒక పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసి, కింద గట్టిగా గీత కొట్టి ఉంది. నాకు తలకిందులుగా కనబడుతోంది. అయినా చదవక్కర్లేదు. నాలుగేళ్ల కిందట అది రాసేటప్పుడు నేను అదే గదిలో, అదే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. వాడకం దాచిపెట్టింది, చెప్పే లెక్క నమ్మరాదు. అక్కడున్నది అదే.

మా వదిన ఏదీ దాచలేదు. దాచింది నేను.

ఇదిగో, రాసేశాను. ఇంత చిన్న మాటా? నాలుగేళ్లుగా నా గొంతులో అడ్డం పడి కూర్చున్నది ఇంత చిన్నదేనా? నేను బాగా మాట్లాడే మనిషినండి. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, దిగేలోపల వాళ్ల పిల్లల పేర్లు, అత్తగారి మోకాళ్ల నొప్పులు అన్నీ తెలుసుకునే రకం. నా నోటికి కండక్టరు వేరే టికెట్టు కొట్టాలని మా వదిన నవ్వేది. అలాంటి నోరు ఈ ఒక్క విషయం దగ్గరే మూతపడిపోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యంగా ఉంది.

మాది ఎమ్మిగనూరు. మగ్గం ఇల్లు. నాన్న నేను పుట్టిన రెండేళ్లకే పోయాడట. అమ్మ నా పదకొండో ఏట పోయింది. తర్వాతి సంవత్సరం మా అన్న కోడుమూరు నుంచి వదినను చేసుకుని తెచ్చాడు. ఆమెకు పంతొమ్మిది. వచ్చిన రోజు నుంచి నాకు తల దువ్వింది ఆమె. నేను పెద్దమనిషినైన రోజు భయపడి ఏడుస్తుంటే, తలుపు దగ్గరగా వేసి, ఒళ్లో పడుకోబెట్టుకుని, ఇది జబ్బు కాదు పిచ్చిదానా అని చెప్పింది ఆమె. మా అన్న మంచివాడు. కానీ మగ్గం మీద అతనికి చెయ్యి కుదరలేదు. ఆదోనిలో పత్తి మిల్లులో పనికి పోతాడు. మరి ఇంట్లో మగ్గం ఉన్నాక ఎవరో ఒకరు గుంతలో కూర్చోవాలి కదా. ఆ ఎవరో ఒకరు నేనే అవ్వాల్సింది. ఏడో తరగతితో బడి మానేసి కూర్చోమని మా పెద్దవాళ్లు కొందరు అననే అన్నారు. వదిన ఒప్పుకోలేదు. నేను దిగుతా, ఆ పిల్ల బడికి పోతాది, అంది. పదో తరగతి పాసయ్యేదాకా నన్ను గుంత దిగనివ్వలేదు. సెలవుల్లో సరదాకని దిగి నేర్చుకున్నాను, అంతే. దారం కండెలకు చుట్టి ఇవ్వడం మాత్రం నా పని.

గుంత మగ్గం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, నేల మీద కూర్చుని, ముందుకు వంగి నేస్తారు. పొద్దున కూర్చుంటే సాయంత్రమే లేవడం. అలా ఎనిమిదేళ్లు. నడుము ఎన్నాళ్లు ఊరుకుంటుంది?

మొదట ఎవరో ఒక నొప్పి మాత్ర ఇచ్చారు. నొప్పి పోయింది. నొప్పితోపాటు దిగులు కూడా పోయిందే అమ్మీ, అని నవ్వింది వదిన. ఆమెకు పిల్లలు కలగలేదు, ఆ దిగులు ఉండేది. తర్వాత ఒకటి రెండయింది. మత్తు అలవాటు అనగానే మీరు మందు సీసా అనుకుంటారు. మా ఇంట్లో ఎవరూ తాగరు. మా అన్న టీ కూడా సగం గ్లాసే తాగుతాడు. మా వదినకు పట్టుకున్నది అరచేతిలో కనబడనంత చిన్న మాత్ర. అది కూడా వ్యసనమవుతుందని మాకు తెలియదు. ఎమ్మిగనూరులో మందుల షాపువాళ్లు, చీటీ లేకుండా ఇంక ఇవ్వం అన్నప్పుడు, ఆదోని నుంచి తెచ్చిపెట్టమని నన్ను అడిగింది. నేను తెచ్చాను. ఒక షాపులో ఎక్కువ అడిగితే అనుమానపడతారని మూడు నాలుగు షాపుల్లో కొంచెం కొంచెం తీసుకునేదాన్ని. నవ్వుతూ, కబుర్లు చెబుతూ. నాకది పాపమనిపించలేదు. ఆమె నడుము నావల్ల విరుగుతోంది, మాత్ర తేవడం కూడా చేయలేనా అనుకున్నాను. కాబట్టి ఎన్ని వేసుకుంటోందో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆమెకు, నాకు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. మా ఇళ్లలో రోజులతో కొలవం, చీరలతో కొలుస్తాం. జ్వరం ఎన్నాళ్లుంది అంటే, రెండు చీరలు ఆగిపోయినాయి అంటాం. చుట్టం ఎప్పుడు పోతాడు అంటే, ఈ చీర దిగినాక. వదిన మాత్రలు కూడా అంతే. చీర మొదలుపెట్టేటప్పుడు రెండు, పావు వంతు అయ్యాక రెండు, సగానికి రెండు, కొంగు దగ్గరికి వచ్చేసరికి రెండు. చీరకు ఎనిమిది. పట్టు నేసే రోజుల్లో చీరకు వారం పైన పట్టేది. కానీ ఆ ఏడాది మాకు పని ఇచ్చే సావుకారు పట్టు ఆపేసి, సాదా నూలు చీరలకు పడుగులు ఇచ్చాడు. నూలు చీర మా వదిన చేతికి రోజుకొకటి దిగేది.

ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ డాక్టరుకు అర్థం కాలేదు. అర్థం కానివ్వలేదు నేను.

ఒక రోజు నేను మాత్రలు తేవడం మర్చిపోయాను. తెల్లారేసరికి ఆమె చలికి వణికినట్టు వణికిపోయింది. ముక్కు కారడం, చెమటలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. మలేరియా ఏమోనని వచ్చిన ఆశా కార్యకర్త మాత్రల సంగతి విని, ఇది జ్వరం కాదమ్మా, ఆదోనిలో మత్తు అలవాట్లు మాన్పించే ఆసుపత్రి ఉంది, తీసుకుపోండి, అంది. అన్నకు ఆ రోజు మిల్లులో సెలవు దొరకలేదు. నేనే తీసుకుపోయాను.

అక్కడ కౌన్సెలర్ మేడం చాలా ఓపికగా చెప్పింది. ఆస్పత్రిలో చేరనక్కర్లేకుండా, ఇంటి నుంచి వచ్చి పోతూ చూపించుకునే వైద్యంలోనే మూడు రకాలున్నాయట. తక్కువ అలవాటుంటే వారానికి ఒకసారి వచ్చి డాక్టరును కలిసి పోవాలి. కొంచెం ఎక్కువైతే వారానికి మూడు పూటలు వచ్చి అందరితో కూర్చోవాలి. బాగా ఎక్కువైతే రోజూ రావాలి. పొద్దున వచ్చి సాయంత్రం పోవాలి, ఆరు వారాలు. మాత్ర వాళ్ల కళ్లముందే వేస్తారు, మెల్లగా తగ్గిస్తారు, మధ్యలో ఏమైనా అయితే చూసుకోవడానికి నర్సు ఉంటుంది. ఏది కావాలో మనం ఎంచుకునేది కాదమ్మా, ఎంత వేసుకుంటోందో దాన్నిబట్టి మేము ఎంచుతాం, అంది.

నేను విన్నది అందులో ఒక్కటే. రోజూ, ఆరు వారాలు. వదిన రోజూ ఆదోనికి వస్తే మగ్గం మీదున్న పడుగు ఎవరు నేయాలి?

అప్పటికి నాకు ఆదోనిలో గాజులు, క్లిప్పులు అమ్మే ఫ్యాన్సీ షాపులో పని దొరికి ఐదు నెలలైంది. మీకు నవ్వు రావచ్చు. నాకది ఎంత సంతోషమో చెప్పలేను. పొద్దున బస్సు, కిటికీ పక్క సీటు, అద్దాల అరలు, పెళ్లికూతుళ్ల చేతులకు గాజులు ఎక్కించడం, వాళ్లతో వాగడం. ఆరు వారాలు మానేస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఒకసారి గుంత దిగితే నన్ను మళ్లీ పైకి రానివ్వరు. ఇదంతా నేను ఆ బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. పక్కన వదిన వణుకుతూనే, ఆకలిగా ఉందా అమ్మీ అని నన్ను అడుగుతోంది.

డాక్టరు గదిలోకి పిలిచారు. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు. రోజుకెన్ని వేసుకుంటావు అని అడిగాడు.

"రోజుకని కాదు సార్," అంది వదిన. "చీరకు ఎనిమిది."

ఆయన రాసుకున్నాడు. అంతలో రక్తం తీయాలని నర్సు వచ్చి వదినను పక్క గదిలోకి తీసుకుపోయింది. డాక్టరు మేడం వైపు తిరిగాడు.

"ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది?"

"మా అక్క పెండ్లికి ఎమ్మిగనూరులోనే నేయించినాం సార్. వారం పైనే పట్టింది."

"అంటే రోజుకు ఒకటి. ఇది తక్కువే. వారానికి ఒకసారి వస్తే చాలు."

అప్పుడు మేడం నావైపు చూసింది. ఆమె జాగ్రత్త గల మనిషి. అడగకుండా వదల్లేదు.

"ఏమ్మా, ఇంట్లో ఉండేదానివి నువ్వు. అంతే కదా? రోజుకు ఒకటే కదా?"

"అంతే మేడం," అన్నాను.

ఒక్క మాట. ఎంతసేపు పట్టింది? గాజు ఒకటి చేతికి ఎక్కినంతసేపు కూడా పట్టలేదు. ఆ తర్వాత నేను ఈ మాటను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో లెక్కలేదు. నాకు అప్పుడు తెలియలేదేమో, కంగారులో అనేశానేమో అని నాకు నేనే సర్దిచెప్పుకోవాలని చూశాను. లాభం లేదు. నాకు తెలుసు. పట్టు చీర వేరు, నూలు చీర వేరు అని తెలుసు. పక్క గదిలో సూది గుచ్చుకుని చెయ్యి మడుచుకుని కూర్చున్న మనిషి, పన్నెండేళ్ల పిల్లకు బదులు గుంతలోకి దిగిన మనిషి అని కూడా తెలుసు. ఆ క్షణంలో నేను ఆమెను చూడలేదు. కిటికీ పక్క సీటును చూశాను.

రోజుకు ఒక మాత్ర, నాలుగు రోజుల తర్వాత సగం, అని చీటీ రాసి పంపించారు. ఎనిమిది నుంచి ఒకటికి. బస్సులో వదిన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, అంత తగ్గిస్తే తట్టుకుంటానా అమ్మీ, అని అడిగింది. పెద్ద డాక్టరు, తెలీకుండా సెప్తాడా వదినా, అన్నాను. ఆమె తల ఊపింది. ఆమెకు చదువుకున్నవాళ్లంటే నమ్మకం. నేనంటే ఇంకా నమ్మకం.

నాలుగు రోజులు ఆమె పడిన బాధ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. తిన్నది నిలవలేదు. ఎముకల్లో చీమలు పాకుతున్నాయి అనేది. అయినా మగ్గం దిగేది, దిగి కూర్చుంటే మనసు మళ్లుతుందని. ఒక్కసారి కూడా దొంగతనంగా మాత్ర అడగలేదు. ఎన్నిసార్లు చెప్పబోయానో. డాక్టరుకు ఫోన్ చేసి, అది రోజుకు ఎనిమిది సార్ అంటే అయిపోయేది. ముందే ఎందుకు చెప్పలేదు అని అడిగితే? ఆ ప్రశ్నకు భయపడి నేను, మొదట్లో ఇట్లే ఉంటుందంట వదినా, ఓర్చుకో, అని గంజి కలిపి ఇస్తూ కూర్చున్నాను. ప్రేమగానే ఇచ్చాను, అదే ఇప్పటికీ నాకు భయం. అంత ప్రేమగా ఉంటూనే అంత పని చేయగలిగానా?

ఐదో రోజు పొద్దున మగ్గం మీదే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. నేను పనికి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాను. చప్పుడు విని లోపలికి వచ్చేసరికి ఆమె నుదురు మగ్గం దుంగకు కొట్టుకుని, కనుబొమ్మ చీలి, నేస్తున్న తెల్ల చీర మీద రక్తం కారుతోంది. గుంతలోంచి ఆమెను పైకి లాగింది నేనే. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి ఆమె చేతిలో తాళంచెవులు పెట్టారు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని, వదినా వదినా అంటూ కూర్చున్నాను. అప్పుడు కూడా నిజం చెప్పలేదు.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. అన్న ఇల్లంతా వెతికి, కండెల బుట్ట అడుగున ఖాళీ అయిన మాత్రల అట్టలు కుప్పగా బయటకు తీశాడు. అవి పట్టుకుని ఆదోనికి పోయాం. డాక్టరు వాటిని చూసి మండిపడ్డాడు. రోజుకు ఒకటి అని ఇక్కడ రాసి ఉందే, ఇన్ని ఎలా వచ్చాయి, ఇలా దాస్తే ప్రాణాలు పోతాయి తెలుసా, అని అరిచాడు. రోజుకు ఒకటి అని ఎవరన్నారో ఆయనకు గుర్తులేదు. మేడంకూ గుర్తులేదు. కాగితం మీద అంకె ఉంది, అన్నది ఎవరో లేదు. ఎవరు తెచ్చిపెట్టారు ఇవన్నీ, అని అన్న అడిగాడు. వదిన నావైపు చూడను కూడా చూడకుండా, నేనే తెచ్చుకున్నా, అంది. ఆ మొత్తం వ్యవహారంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. అది కూడా నన్ను తిట్టకూడదని. డాక్టరు ముందు మాత్రం తల వంచుకుని, నాకే సరిగ్గా సెప్పనీకి రాలేదు సార్, అంది. మేడం ఎర్ర పెన్ను తీసింది.

ఆ తర్వాత ఆరు వారాలు అన్న మిల్లుకు పోతూ ఆమెను రోజూ తీసుకుపోవడం, మెల్లగా తగ్గించడం, అన్నీ మొదట జరగాల్సినట్టే జరిగాయి. షాపులో పని పోయింది. నేను గుంత దిగాను. అంత చేసి నేను కాపాడుకోవాలనుకున్నది అలాగే పోయింది. చూడండి, వదిన కోసం బంగారంలాంటి పని వదులుకుంది అని వీధిలో ఆడవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. ఆడబిడ్డంటే ఇట్లుండల్ల, మాకూ ఉండారు, తిన్న ప్లేటు కూడా ఎత్తరు, అని ఒకామె తన ఆడబిడ్డ ఎదురుగానే అంది. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ నాకు నేల చీలితే బాగుండనిపించేది. తిట్టి ఉంటే ఇంత మోసేదాన్ని కాదేమో.

నయమయ్యాక ఒకరోజు, నేను గుంతలో ఉండగా, వదిన పక్కన కూర్చుని కండెలు చుడుతూ అంది.

"నేను రోజుల లెక్కలో సెప్పింటే ఇంత అయ్యేది కాదు అమ్మీ. చీర చీర అని సెప్పి, నీ పని పోగొట్టినా. తప్పు నాది. మనసులో పెట్టుకోవద్దు."

నేను ఏమన్నాను? ఊరుకో వదినా, అన్నాను. అంతే. ఆమె నాకు క్షమాపణ చెప్పుకుంది, నేను తీసుకున్నాను. మాత్రల సంగతి కంటే, ఫిట్స్ కంటే, నాకు ఇదే ఎక్కువ బరువు. ఆ రోజు నుంచి ఆమె మారిపోయింది. ఏదడిగినా రోజుల్లో చెబుతుంది, వేళ్లు మడిచి లెక్కపెట్టి చెబుతుంది. ఎప్పుడైనా సరదాకి అన్న, మీ వదినను లెక్క అడగొద్దు, చీరల్లో సెప్తాది, అంటే ఆమె కూడా నవ్వుతుంది. కనుబొమ్మ మీద మచ్చ నవ్వినప్పుడు ముడతపడుతుంది.

తర్వాత నాకు ఆదోనిలో ఇంకో షాపులో పని దొరికింది. మళ్లీ ఆమే పంపించింది. ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. నాలుగేళ్లు ఆమె ఒక్క మాత్ర ముట్టలేదు. పోయిన నెల కడవ ఎత్తుతూ జారిపడింది. నొప్పి తట్టుకోలేక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వీధి చివర షాపులో అడిగి వేసుకుంది. మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం తనంతట తానే మా ఇద్దరినీ పిలిచి చెప్పేసింది. పెరగకముందే పోదాం, మేడంను అడుగుదాం, అంది. మీరే చెప్పండి, అలవాటు పడిన మనిషి అలా తనే చెప్పడం ఎంత కష్టమో. బస్సులో పోతూ ఆమె కొంచెం గర్వంగా కూడా ఉంది. ఈసారి అన్నీ సరిగ్గా చెబుతానని.

ఈసారి వారానికి ఒకసారి సరిపోయేదే. మేడం కూడా మొదట అలాగే అనబోయింది. అప్పుడు ఫైలు తిప్పింది. ఆ పేజీ చూసింది.

ఏమీ అనుకోవద్దమ్మా, పోయినసారి కూడా ఇట్లే తక్కువ చెప్పావు, నీ లెక్క మీద నేను తగ్గించి రాయలేను, అంది. ఆరు వారాలు రోజూ రావాలి, కాదంటే కర్నూలుకు రాస్తా, అక్కడ చేర్చుకుంటారు. మేడం తప్పేమీ లేదు. ఆమె జాగ్రత్త గల మనిషని చెప్పాను కదా. వదిన ఎత్తిన మూడు వేళ్లూ ఒకటొకటిగా మడిచేసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. మంచిది మేడం, వస్తా, అంది. నేను పక్కనే ఉన్నాను. మళ్లీ అదే గోడ. మళ్లీ నోరు పెగల్లేదు. నాలుగేళ్ల కిందట ఒక మాట ఆడి చేసిన పనిని, ఈసారి ఏమీ మాట్లాడకుండా మళ్లీ చేశాను.

తిరిగి వస్తుంటే బస్సులో వదిన బయటికే చూస్తూ మెల్లగా అంది.

"ఇంగ ఎప్పుడూ సెప్పకూడదు అమ్మీ. సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే."

ఇన్నాళ్లూ ఇది నా గొంతులో ఉన్న నా ముల్లు అనుకున్నాను. నేను భరిస్తే చాలు, నేను కుమిలితే చాలు, అదే నాకు శిక్ష అనుకుని ఒకలాంటి తృప్తి కూడా పడ్డానేమో. కాదు. అది ఆమె ఫైలులో కూర్చుని పని చేస్తూనే ఉంది. ఇకమీదట నొప్పి వచ్చి మాత్ర వేసుకుంటే ఆమె చెప్పదు. ఎందుకు చెబుతుంది? నిజం చెప్పిన రెండుసార్లూ ఆమెకు దక్కింది అదే కదా. ఈసారి ఆ గుంతలో ఆమెకు ఏమైనా అయితే? నేను షాపులో ఎవరి చేతికో గాజులు ఎక్కిస్తూ ఉంటే?

ఇల్లు చేరాక ఆ సాయంత్రమంతా చెప్పాలని ఆమె చుట్టూ తిరిగాను. ఏమే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతాండావు, అని నవ్వింది. అన్న వచ్చాడు, అన్నం తిన్నాం, పడుకున్నాం.

తెల్లారి ఆమె పొయ్యి దగ్గర ఉగ్గాని చేస్తోంది. అన్న మిల్లుకు పోయాడు. బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, గిన్నెలో వేస్తోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకున్నవన్నీ మర్చిపోయాను.

"వదినా, పోయినసారి నువ్వు తప్పు సెప్పలేదు. రోజుకు ఒకటే కదా అని మేడం నన్ను అడిగింది. నేను తప్పు సెప్పినా. తెలిసే సెప్పినా. పని పోతాదని."

ఆమె చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

"నేను సూది గదిలో ఉన్నప్పుడా?"

"ఊఁ."

ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాను. నా ముఖం వైపు చూడకుండా, గుప్పెట్లో ఉన్న బొరుగులు పిండి గిన్నెలో వేసింది. ఇంకో గుప్పెడు ముంచింది. తిరగమోత మాడుతుంటే మంట తగ్గించింది. ఆమె మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది. కానీ ఒకటి చెప్పాలి మీకు. ఆ మాట బయటికి వచ్చాక నాకు ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. నాలుగేళ్లలో మొదటిసారి. అది నాకు తగినదో కాదో మరి.

చివరికి ఆమె అంది, గిన్నెలోకే చూస్తూ.

"పో, మేడంకు సెప్పిరా. బస్సు పోతాది."

తినకుండానే లేచాను. తినిపొమ్మని ఆమె అనలేదు. నేను ఇల్లు కదిలేటప్పుడు అలా అనకపోవడం ఆమెకు అదే మొదలు. ఎనిమిదింటికల్లా ఆదోనిలో దిగి, ఆసుపత్రి తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. మేడం స్కూటీ ఆపి హెల్మెట్ తీస్తుండగానే లేచి ఎదురుపోయి, నమస్తే కూడా చెప్పకుండా, "ఆ రోజు మీరు అడిగింది మా వదినను కాదు మేడం, నన్ను," అన్నాను.